పదకొండో దూలం

వడ్రంగి థిర్జా బోరెట్‌కు కోపం వస్తే గొంతు లేవదు, మూతి బిగుసుకుంటుంది. సోమవారం పొద్దున గంటల గోపురంలో నిలబడి ఆ రిపోర్టు విన్నంతసేపూ ఆమె మూతి బిగించుకునే ఉంది.

చదువుతున్నది ఆష్‌కోట్ అనే ఇంజనీరు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ మనిషి. పోయిన నెల నగరం నుంచి వచ్చి, ఒక పూటలో గోపురమంతా చూసి, దూలాలకు కాగితపు బిళ్ళలు అంటించి వెళ్ళాడు. ఆరు గంటలను మోసే ఓక్ చట్రంలో మొత్తం పదకొండు దూలాలు. పదింటికి ఎర్ర బిళ్ళ, ఒక్కదానికి ఆకుపచ్చ బిళ్ళ. ఆనాటి నుంచి ఆరు ఆదివారాలుగా థార్న్‌హోల్ట్ ఊళ్ళో గంట మోగలేదు.

"ఒకటో దూలం, కుళ్ళు. రెండో దూలం, కుళ్ళు. మూడో దూలం, తూర్పు కొసన, కుళ్ళు," అని చదువుతూ పోయాడు ఆష్‌కోట్. చదవడంలో తప్పేమీ లేదు. రాసిందే అలా ఉంది. ఇంగ్లీషులో 'రాట్' అని పొట్టి మాట ఒకటుంది. దాన్నే పదిసార్లు వరసగా పేర్చి, కింద సంతకం పెట్టాడు. చివర ఒక వాక్యం: చట్రాన్ని కోసి దించి, ఇనుప చట్రం బిగించవలెను.

చర్చి వ్యవహారాలు చూసే మిసెస్ ఫిస్క్ కళ్ళద్దాలు తీసి మెడగొలుసుకు వేలాడదీసుకుంది. ఆవిడ ఒకప్పుడు ఆ ఊరి బడికి పెద్ద పంతులమ్మ. ఇప్పటికీ ఆవిడ ఎదుట మగవాళ్ళు జేబుల్లోంచి చేతులు తీస్తారు.

"థిర్జా, కోసి దించే పని నీకే ఇద్దామనుకున్నాం. బయటివాళ్ళెందుకని," అంది.

"కుళ్ళిందాన్ని కోస్తాను మిసెస్ ఫిస్క్. ఇది కుళ్ళలేదు."

ఆష్‌కోట్ నవ్వాడు, వెటకారంగా కాదు, ఓపిగ్గా. అదే ఇంకా ఒళ్ళు మండించింది. "మిస్ బోరెట్, మొనతో పొడిస్తే పొడి రాలింది. రంగు చూడండి, ఎంత ఎర్రగా తిరిగిందో. ఓక్ అలా ఉండదు."

"అది ఫాక్సీ," అంది థిర్జా.

"ఏమిటీ?"

"ఫాక్సీ. నక్క రంగు. చెట్టు బతికుండగానే ఎర్ర పుట్టగొడుగు పట్టి రంగెక్కించింది. రంగే మారింది, బలం ఎక్కడికీ పోలేదు. మీరు పొడిచింది అంచునున్న పైచెక్క. దాన్ని పురుగు ఎప్పుడో తినేసింది. అది పోయినా దూలానికి చొక్కా చిరిగినంతే."

"ఫాక్సీ అనేది ఏ పుస్తకంలో ఉందండీ?"

"పుస్తకం సంగతి నాకు తెలీదు. నాకు పని నేర్పిన మా ఈనాక్ బాబాయి చేతిలో ఉండేది."

గంటలు కొట్టేవాళ్ళకు పెద్ద అయిన ఏమస్ లెగెట్ మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. పెద్దగంట తాడు ఇప్పటికీ ఎవరికీ ఇవ్వడు. "నాయనా," అన్నాడు ఆష్‌కోట్‌తో, "మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఏదీ కుళ్ళేది కాదు. పాలు తిరిగేవి. గుడ్డు మురిగేది. వెన్నకు కవురు పట్టేది. బేరిపండు పైకి నిగనిగలాడుతూ లోపల మెత్తబడితే దానికి నిద్రపట్టిందనేది. వేటాడి తెచ్చిన పిట్టను వారం రోజులు వేలాడదీస్తే అది పదునుకొచ్చేది. కుళ్ళాడన్న మాట ఆవిడ జన్మకల్లా ఒక్కసారే అంది, అదీ మా తమ్ముణ్ణి."

మిసెస్ ఫిస్క్ కూడా నవ్వేసింది. ఆష్‌కోట్ మాత్రం కాగితాలు సర్దుకుంటూ, "ముసలివాళ్ళ మాటలు ముచ్చటగానే ఉంటాయి. గంటలు మాత్రం తలల మీద వేలాడుతుంటాయి," అన్నాడు.

అదీ నిజమే. కానీ చెడిపోయే తీరు తీరుకూ ఉన్న ఈ పేర్లు ముచ్చట కోసం పుట్టలేదు. మనకు మాత్రం? వంకాయ పుచ్చుతుంది, అన్నం పాచిపోతుంది, బియ్యం ముక్కిపోతాయి, బట్ట చివికిపోతుంది. అన్నిటినీ కుళ్ళిందనే కోడల్ని ఏ అత్తగారూ వంటింట్లోకి రానివ్వదు. ఏది పారెయ్యాలో, ఏది కడిగి వాడుకోవాలో, ఏది ఇంకో రెండు రోజులు ఉంచాలో ఆ మాటే చెబుతుంది.

"గురువారం పదిగంటలకు కమిటీ ఇక్కడే కూర్చుంటుంది," అంది మిసెస్ ఫిస్క్. "థిర్జా, అప్పటికి ప్రతి దూలం మీదా నీ మాట నువ్వు సుద్దతో రాసి పెట్టు. మిస్టర్ ఆష్‌కోట్, మీ దగ్గర సూది యంత్రం ఉందన్నారుగా, అది తీసుకురండి. ఎవరి మాట నిలిస్తే వాళ్ళ మాట. థిర్జా మాట ఒక్కటి తప్పినా చట్రం దిగుతుంది. సరేనా?"

"సరే," అంది థిర్జా.

ఆష్‌కోట్ తల ఊపాడు. దిగేముందు ఆకుపచ్చ బిళ్ళ ఉన్న దూలాన్ని అరచేత్తో తట్టాడు. "ఇది మాత్రం ముచ్చటగా ఉంది. తెల్లగా, తిన్నగా. ఎవరిదో గాని మంచి పనితనం."

"నాదే," అంది థిర్జా. ఎంత వద్దనుకున్నా గొంతులో గర్వం పలికింది.

*

మంగళవారం ఏడింటికల్లా పైకెక్కింది. భుజాన సంచి. అందులో ఉలి, కొయ్యసుత్తి, కలపలో గుచ్చి చూసే సన్నని ఉక్కుమొన, గట్టి కుచ్చు బ్రష్షు, ఒక అద్దం ముక్క, సుద్ద. ఏభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు మూడో నిచ్చెన దగ్గర గుర్తొచ్చాయి. వాటిని పట్టించుకోలేదు.

మొదట శుభ్రం చేయడమే పూటంతా పట్టింది. జాక్‌డా కాకులు గూళ్ళ కోసం పోగేసిన పుల్లలు రెండు గోతాలకు వచ్చాయి. ఎప్పుడో ఎవరో పూసిన సున్నం పెచ్చుల్ని గోకింది. దుమ్ము పోయాక దూలం అసలు రంగు బయటపడింది. గాఢమైన ఎరుపు, మధ్యలో తేనెరంగు చార. మూడువందల డెబ్భై ఏళ్ళ కిందటి గొడ్డలి గాట్లు ఇంకా పదునుగా ఉన్నాయి. ఈ చట్రం చేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. చెట్టును ఎంచుకున్న తీరు చూస్తే మాత్రం తెలివైనవాడని థిర్జాకు ఎప్పుడూ అనిపించేది. నక్క రంగు ఓక్‌ను వెతికి వెతికి తెచ్చినట్టున్నాడు.

ఆమె పద్ధతి ఒకటే. ముందు కొయ్యసుత్తితో కొస నుంచి కొస దాకా జానెడుకొక దెబ్బ. మంచి కలప టంగుమంటుంది. చెడ్డది దబ్బుమంటుంది. తర్వాత మొన గుచ్చి మెలితిప్పడం. లేచిన పెళ్ళ పొడుగ్గా పీచులా వస్తే బతికే ఉంది. పుటుక్కున పొట్టిగా విరిగితే ప్రాణం పోతోంది. ఆ తర్వాత వాసన. ఈనాక్ బాబాయి ఆమెకు పదహారేళ్ళప్పుడు కళ్ళకు గంతలు కట్టి, చేతిలో చెక్కముక్కలు పెట్టి పేరు చెప్పమనేవాడు. తప్పు చెబితే ఆ రోజు టీ ఆయనకే కాదు, కుక్కకు కూడా ఆమే కలపాలి.

సాయంత్రానికి ఏడు దూలాల మీద ఫాక్సీ అని రాసింది. రెండింటి మీద 'పైచెక్కే పోయింది' అని రాసి, పురుగు తిన్న అంచును ఉలితో చెక్కి లోపలి గట్టిదనాన్ని బయటపెట్టింది. పదోది, ఆష్‌కోట్ తూర్పు కొస అన్న ఆ మూడో దూలమే, ఆమెను అరగంట నిలబెట్టింది. కొసన వాన చెమ్మ దిగింది. అక్కడ మొన మెలితిప్పితే పెళ్ళ పొట్టిగా విరిగింది, చూస్తే సన్నని మచ్చలు. డోటీ. అంటే చావు మొదలైంది, ఇంకా పాకలేదు. ఎంతవరకు ఉందో జానెడు జానెడుగా కొట్టి చూసి, గోడ నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర అడ్డంగా సుద్దగీత గీసింది. 'ఇక్కడిదాకా డోటీ. ఇక్కణ్ణుంచి గట్టి.'

"అతను చెప్పిందాంట్లో ఒకటి నిజమే అన్నమాట," అన్నాడు కింద నుంచి ఏమస్. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు, అయినా ఫ్లాస్కులో టీ తెచ్చాడు.

"తొమ్మిదంగుళాల నిజం. అతను దించమన్నది పన్నెండడుగులు."

"నీ లెక్కకేం గాని పిల్లా, రొట్టె తిను."

ఊరంతా 'మిస్ బోరెట్' అనే మనిషిని పిల్లా అని పిలిచేవాడు ఆయనొక్కడే మిగిలాడు.

*

పదకొండోది బుధవారానికి ఉంచుకుంది. ఆకుపచ్చ బిళ్ళ దూలం. పెద్దగంట కింద ఉత్తరపు గోడనానుకుని ఉన్న అడుగుదూలం అది. ముప్పై ఒక్కేళ్ళ కిందట పాతది పోతే ఈనాక్ బాబాయి చెట్టు ఎంచి తెచ్చాడు, కోసి చెక్కి అతుకు వేసింది థిర్జా. సొంతంగా చేసిన మొదటి పెద్ద అతుకు. గోరు దూరనంత బిగువు. కొసన టి, బి అని రెండక్షరాలు చెక్కుకుంది. ఆ అక్షరాల మీద దుమ్ము తుడుస్తుంటే ఆమెకు మురిపెంగానే ఉంది. అది దాచుకోవలసిన సంగతి కాదు.

సుత్తితో కొట్టుకుంటూ పోయింది. టంగు. టంగు. టంగు. మధ్యకు వచ్చేసరికి చెయ్యి ఆగింది.

మళ్ళీ కొట్టింది. దబ్బుమనలేదు. టంగుమననూ లేదు. గొంతులో కఫం అడ్డుపడ్డవాడు పలికినట్టు పలికింది.

ముందు ముఖమంతా చూసింది. ఒక్క మచ్చ లేదు, ఒక్క చీలిక లేదు. బోర్లా పడుకుని, గోడకూ దూలానికీ మధ్యనున్న రెండంగుళాల సందులోకి టార్చి పట్టి, అద్దం ముక్క దూర్చింది. అద్దంలో అరచేతంత కణుపు కనబడింది. కణుపు చుట్టూ పసుపుతెలుపు చార, లోపలికి పోతూ.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, మరిచిపోతే కదా. కొమ్మ విరిగిన చోట వాననీరు చెట్టు లోపలికి దిగి, పైన కొత్త చెక్క కమ్ముకుపోతే దాన్ని డ్రక్సీ అంటారు. బయటి నుంచి చూస్తే నిండు ఆరోగ్యం. అందుకే బాబాయి ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు: 'కణుపును కంటికెదురుగా పెట్టు. రోజూ కనబడేది మోసం చెయ్యదు.' ఆ రోజు ఆయన కింద, దించిపెట్టిన గంట ఇరుసుకు నూనె పెడుతున్నాడు. ఇరవై ఏడేళ్ళ థిర్జాకు తన మొదటి దూలం మీద ఆ వికారపు కణుపు కనబడటం ఇష్టం లేకపోయింది. గోడవైపు తిప్పి బిగించింది. బాబాయి పైకొచ్చి చూసి, ముచ్చటపడి, భుజం తట్టాడు. ఏ వైపు తిప్పావని అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

లేచి కూర్చుంది. ముఖం వేడెక్కింది. గోపురంలో ఎవరూ లేకపోయినా చెవుల దాకా సిగ్గు పాకింది.

మధ్యాహ్నం ఏమస్ వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే, సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. అద్దం ఆయన చేతికిచ్చింది. ఆయన వంగలేక వంగి చూశాడు.

"ఎవరు చూస్తారు దీన్ని?" అన్నాడు.

"ఎవరూ చూడరు."

"ఆకుపచ్చ అంటించింది అతను. యంత్రం ఎర్రవాటికే పెడతాడు. పదీ గెలిచావు పిల్లా. సుద్ద జేబులో పెట్టుకో. చట్రం నిలిచాక, వచ్చే వేసవిలో మనమే నెమ్మదిగా మార్చుకుందాం. ఇప్పుడు రాశావంటే, సొంత పనే కుళ్ళినామె పరాయి దూలాలకు సాక్ష్యం చెప్పొచ్చిందంటారు. మొత్తం దించేస్తారు."

"అనొచ్చు."

"మరి?"

"ఆదివారం పెద్దగంట తాడు పట్టుకునేది ఎవరు ఏమస్?"

ఏమస్ పైకి చూశాడు. ముప్పావు టన్ను కంచు కదలకుండా వేలాడుతోంది. టోపీ తీసి, తల నిమురుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే రాయి," అన్నాడు.

ఆమె మోకరించి, తాను చెక్కుకున్న రెండక్షరాల పక్కన, అన్నిటికంటే పెద్దగా రాసింది. డ్రక్సీ. దూలం ముఖం మీద, లోపలి చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సుత్తి చెప్పిన ప్రకారం, కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత గీసింది.  ఇంటికెళ్ళి చేపా బంగాళాదుంపలూ వేయించుకుంది గాని సగమే తినగలిగింది.

*

గురువారం పదిగంటలకు మిసెస్ ఫిస్క్, కమిటీవాళ్ళు నలుగురు, ఏమస్, చంకలో సూది యంత్రంతో ఆష్‌కోట్ పైకొచ్చారు. యంత్రం చిన్నదే. గుండుసూదంత సన్నని బరమా తిరుగుతూ కలపలోకి దిగుతుంది, పక్కనుంచి కాగితపు పట్టీ మీద ఒక గీత నడుస్తుంది. గట్టి చెక్క తగిలితే గీత లేస్తుంది, డొల్ల తగిలితే పడిపోతుంది. యంత్రానికి ఎవరి మీదా పక్షపాతం లేదు.

ఒకటో దూలం. గీత లేచి, అంత ఎత్తునే నడిచింది. ఆష్‌కోట్ రెండోదానికి వెళ్ళాడు. అదీ అంతే. నాలుగోదానికి వచ్చేసరికి కోటు విప్పి పక్కన పెట్టాడు. పైచెక్క పోయిన రెండింటిలోనూ వేలెడు లోతు దాకా గీత కిందనే ఉండి, తర్వాత నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. డోటీ కొస దగ్గర అతను కావాలనే థిర్జా సుద్దగీతకు ఇటు ఒకసారి, అటు ఒకసారి దించాడు. గోడవైపు కాగితం మీది గీత కుంటింది. అటు నిటారుగా నడిచింది. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని మళ్ళీ చూశాడు. చెప్పొద్దూ, మనిషిలో మంచిగుణం ఉంది. మొహం మాడ్చుకోలేదు.

"మిస్ బోరెట్, ఈ తొమ్మిదంగుళాలు ఎలా తెలిసింది?"

"చెక్కే చెప్పింది."

మిసెస్ ఫిస్క్ కళ్ళద్దాలు తీసింది. "అయితే తేలిపోయినట్టే కదా. అందరం కిందికి వెళ్ళి..."

"ఇంకోటి ఉంది," అంది థిర్జా.

"అది నేను పాస్ చేశాను," అన్నాడు ఆష్‌కోట్, యంత్రం పెట్టెలో పెడుతూ. "మీ దూలమేగా. దానికేం, బ్రహ్మాండంగా ఉంది."

"అందుకే చూడమంటున్నా."

అప్పుడు చూశాడు సుద్దమాటను. పైకి చదివాడు. అర్థమేమిటని అడిగాడు. థిర్జా చెప్పింది. కణుపు సంగతి, వాననీటి సంగతి, పైన కమ్మిన కొత్త చెక్క సంగతి. చెబుతున్నంతసేపూ ఏమస్ తన బూట్ల వైపే చూస్తున్నాడు. కమిటీలో ఒకాయన ఇంకొకాయన చెవిలో ఏదో అన్నాడు.

సుద్ద గుడ్డు మధ్యలో సూది దిగింది. గీత లేచింది. ఎత్తుగా, హాయిగా, మూడంగుళాల లోతు దాకా నడిచింది. ఆష్‌కోట్ తల తిప్పి ఆమె వైపు చూడబోయాడు. ఆలోపే గీత పడిపోయింది. పట్టీ అడుక్కంటా పడిపోయి, అక్కడే పాకుతూ పోయింది. అతను గుడ్డు అంచు మీద మళ్ళీ దించాడు. అక్కడ సగం. సుద్దగీతకు అవతల చెడు ఏమీ లేదు, గట్టి చెక్కే.

 పైన జాక్‌డాలు గోల చేస్తున్నాయి.

"దీన్ని పెట్టిందెవరు?" అని అడిగింది మిసెస్ ఫిస్క్. తెలిసే అడిగింది. పంతులమ్మ అలవాటు.

"నేనే."

"కణుపు గోడవైపు తిప్పింది?"

"అదీ నేనే. అందంగా కనబడాలని."

ఆష్‌కోట్ దూలం ముందు అలాగే గొంతుకూర్చుని ఉన్నాడు. ఆకుపచ్చ బిళ్ళను గోటితో నెమ్మదిగా ఊడదీశాడు. "కొత్త ఇనుప చట్రం కాళ్ళు రెండు దీని మీదే నిలబెట్టాలని గీశాను," అన్నాడు.  "గట్టిది ఇదొక్కటేననుకున్నాను."

మిసెస్ ఫిస్క్ కమిటీవాళ్ళ వైపు తిరిగింది. చెవిలో చెప్పుకున్న ఇద్దరూ జేబుల్లోంచి చేతులు తీశారు. "పాతవి పదీ ఉంటాయి. మూడోదానికి కొసన అతుకు, పదకొండోది కొత్తది. ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగింది. ఎవరికీ లేదు. "థిర్జా, నువ్వే వెయ్యి," అంది.

వాళ్ళు దిగిపోయాక ఆష్‌కోట్ పది ఎర్ర బిళ్ళలూ తన చేతులతో తానే పీకాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, కొత్త రిపోర్టు మొదలుపెట్టాడు. ఒక్కో దూలం దగ్గరా ఆగి, ఆమె మాటే అడిగి, దాన్నే రాశాడు. ఒకటి, ఫాక్సీ, గట్టిది. రెండు, ఫాక్సీ, గట్టిది. మూడు, కొసన తొమ్మిదంగుళాలు డోటీ. థిర్జా మాత్రం అప్పటికే పెద్దగంట చట్రం కింద పోటుకర్రలు బిగించి, రంపం తీసి, తన దూలం మీద ఎక్కడ కోయాలో గుర్తు పెడుతోంది. మొదటి గుర్తు సరిగ్గా టి, బి అక్షరాల మీదుగా పోయింది.

"ఆ అక్షరాలు పక్కకు కోసి దాచుకోవచ్చుగా పిల్లా," అన్నాడు ఏమస్.

"అక్కర్లేదు. కొత్తదాని మీద చెక్కుకుంటా. ఈసారి కణుపు పక్కనే."

ఆష్‌కోట్ పదకొండో వరసకు వచ్చాడు. డ్రక్సీ అని రాసి, కలం ఎత్తాడు. "మిస్ బోరెట్, ఈ దూలం ఎవరు పెట్టారన్నది రిపోర్టులో ఉండాల్సిన పని లేదు. ఇది నగరంలో పదిమంది చదువుతారు. వదిలేస్తాను."

థిర్జా రంపం పళ్ళ మీద బొటనవేలు ఆనించి పదును చూసుకుంటూ, తలెత్తకుండానే చెప్పింది.

"వదలొద్దు. రాయండి. పెట్టింది థిర్జా బోరెట్. పట్టుకున్నది కూడా థిర్జా బోరెట్ అని రాయండి."

అతను రాసేదాకా ఆగి, ఆమె రంపం ఆనించి కోయడం మొదలుపెట్టింది.